పడగ ఎందుకు విప్పుతుంది?

వరి కోతకొచ్చిన పొలంలో గట్టు వెంట ఎలుక కలుగులు వెతుక్కుంటూ పోయే నాగుపాముకు పడగ ఉండదు. తల, మెడ, ఒళ్లు దాదాపు ఒకే లావున, గోధుమ రంగులోనో నలుపులోనో నున్నగా మెరుస్తూ పోతుంది. దాన్ని చూసి జెర్రిపోతు అనుకుని పక్కనుంచే నడిచిపోయేవాళ్లున్నారు. జెర్రిపోతును చూసి నాగుపామని కర్ర అందుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. బొమ్మల్లో, సినిమాల్లో, రావిచెట్టు కింది నాగశిలల మీద మనం చూసేది ఎప్పుడూ పడగ విప్పిన పామునే. అందుకే పడగ లేకపోతే అది నాగు కాదన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. నిజానికి తిండి వెతుక్కునేటప్పుడు, ఎండ కాగేటప్పుడు, కలుగులో పడుకున్నప్పుడు నాగుపాము మామూలు పామే. పడగ విప్పిందంటే భయపడిందని అర్థం. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే దీని గురించి మిగతావన్నీ తేలిగ్గా బోధపడతాయి.

పాముకు కాళ్లు లేవు, రొమ్ము ఎముకా లేదు. మెడ మొదలుకుని తోక దాకా ఒక్కో వెన్నుపూసకు రెండేసి పక్కటెముకలుంటాయి. వాటి కొసలు మన పక్కటెముకల్లా ముందు వచ్చి ఎక్కడా అతుక్కోవు, విడిగానే ఉంటాయి. నాగుపాము మెడ దగ్గరి పక్కటెముకలు మిగతావాటికంటే పొడవు, వాటికి వంపు తక్కువ. మామూలప్పుడు వెనక్కి వాలి ఒంటికి అంటుకుని ఉంటాయి. అపాయం తోచగానే కండరాలు వాటిని ముందుకూ పక్కలకూ లేపుతాయి. గొడుగు పుల్లలు గుడ్డను బిగదీసినట్టు ఆ ఎముకలు మెడ మీది వదులు చర్మాన్ని బిగదీస్తాయి. పొలుసులు ఒకదానికొకటి ఎడమై, వాటి మధ్య దాగిన చర్మం బయటపడుతుంది. కెనెత్ కార్డాంగ్, బ్రూస్ యంగ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు నాగుపాముల మెడ కండరాల్లోని విద్యుత్ సంకేతాలను కొలిచి, ఈ పనిలో ఏ కండరం ఎప్పుడు కదులుతుందో 2010లో వివరించారు. పడగలో గాలి నింపుకోవడం లాంటిదేమీ లేదు. ఎముక, కండరం, చర్మం, అంతే.

పడగ వీపు మీద కళ్లద్దాల గుర్తు కనిపించేది అప్పుడే. తెల్లటి గీతల మధ్య నల్లటి చుక్కలు రెండు, వాటిని కలుపుతూ కింద ఒక వంపు. అన్ని నాగులకూ ఈ గుర్తు ఒకేలా ఉండదు. కొన్నిటికి చెదిరిపోయి ఉంటుంది, కొన్నిటికి అసలే ఉండదు. బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల వైపు కనిపించే మరో జాతి నాగుకు రెండు కళ్లకు బదులు ఒకటే గుండ్రని గుర్తు. పడగ ముందువైపు, అంటే గొంతు కింద, రెండు ముదురు మచ్చలూ అడ్డపట్టీలూ ఉంటాయి. ముందునుంచి వచ్చినవాడికి ఆ మచ్చలు, వెనకనుంచి వచ్చినవాడికి ఈ కళ్లు. శత్రువు ఎటునుంచి వచ్చినా తనవైపు చూస్తున్నట్టు భ్రమపడాలన్నదే దీని ఉద్దేశమని చాలామంది జీవశాస్త్రజ్ఞుల ఊహ. నాకు ఆ ఊహ సబబుగానే తోస్తుంది.

బెదిరిన నాగుపాము ఒంట్లో మూడోవంతు దాకా పైకి లేపి, పడగ విప్పి, బుస కొడుతుంది. అప్పటికీ ఎదుటివాడు కదలకపోతే ముందుకు విసురుగా వంగుతుంది. ఆ విసురుల్లో చాలావాటిలో నోరు మూసుకునే ఉంటుంది. ముక్కుతో పొడిచి వెనక్కి తగ్గుతుందన్నమాట. దీన్ని పిరికితనం అనుకోకూడదు. విషం తయారుకావడానికి మాంసకృత్తులు ఖర్చవుతాయి, రోజులు పడుతుంది. మింగలేని మనిషి మీద దాన్ని వృథా చేసుకుంటే రాత్రి దొరికిన ఎలుకను పడుకోబెట్టడానికి విషం చాలదు. కట్లపాము ఈ హెచ్చరికలేవీ చేయదు. రక్తపింజరి గట్టిగా బుసకొడుతుంది గాని చోటు వదలదు. మన విషసర్పాల్లో ఇంత స్పష్టంగా, ఇంత దూరంనుంచే కనబడేలా 'దగ్గరికి రావద్దు' అని చెప్పేది నాగుపామే.

నాగును పడగ లేకుండా గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. చచ్చిన పాము దగ్గర, లేదా మరింత భద్రంగా కుబుసం దగ్గర, దాన్ని సరిచూసుకోవచ్చు. గడ్డివామి అంచునో గోడ పగుల్లోనో దొరికిన కుబుసాన్ని నీళ్లలో కాసేపు నానబెట్టి తల భాగాన్ని మెల్లగా విప్పండి. పాము కుబుసాన్ని మూతి దగ్గర మొదలుపెట్టి లోపలి వైపు బయటికి వచ్చేలా ఒలుచుకుంటుంది కాబట్టి మీ చేతిలో ఉన్నది తిరగేసిన తొడుగు. పై పెదవి వెంట పొలుసులు వరుసగా ఉంటాయి. మూతి కొసనుంచి లెక్కపెడితే మూడో పొలుసు మిగతావాటికంటే పెద్దది. దాని ఒక అంచు ముక్కు పొలుసుకూ, ఇంకో అంచు కంటికీ తగులుతుంది. జెర్రిపోతుకు ఇలా ఉండదు. కంటి చోట చిన్న గాజుబిళ్లలాంటి గుండ్రటి పొర కూడా చూడవచ్చు. పాముకు కనురెప్పలు లేవు. రెప్పల బదులు ఈ పారదర్శకమైన పొలుసే కంటిని కాపాడుతుంది, కుబుసంతోపాటే అదీ ఊడివస్తుంది. కుబుసం విడిచే ముందు కొన్ని రోజులు ఆ పొర మసకబారి పాముకు చూపు సరిగా ఆనదు. ఆ రోజుల్లో అది మామూలుకంటే తొందరగా బెదురుతుంది.

పాకిస్తాన్‌నుంచి బంగ్లాదేశ్ దాకా, నేపాల్ నుంచి శ్రీలంక దాకా ఈ జాతి ఉంది. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఇప్పటి పేరు నాజా నాజా. సాధారణంగా మూడు నుంచి ఐదడుగుల పొడవు. ఏడడుగులు దాటినవి చాలా అరుదు. దట్టమైన అడవికంటే మన పొలాలూ ఊళ్లే దీనికి అనువు, ఎందుకంటే మనం పండించే ధాన్యం ఎలుకల్ని పెంచుతుంది, ఎలుకలు దీన్ని పెంచుతాయి. కప్పలు, పిట్టలు, గుడ్లు, వేరే పాములు కూడా తింటుంది గాని, కల్లాల దగ్గరా పశువుల కొట్టాల దగ్గరా అది తిరిగేది ఎలుకల కోసం, పందికొక్కుల కోసం. పిల్లి కలుగు బయట కాపలా కాయాల్సిందే. నాగుపాము కలుగులోకే వెళ్లి, కళ్లు తెరవని పిల్లల్ని కూడా వదలకుండా తిని వస్తుంది. రైతుకు జీతం అడగని కూలి దొరికినట్టే.

పుట్ట పాములు కట్టుకున్నది కాదన్న సంగతి సుమతీ శతకం చదువుకున్న పిల్లలకు కూడా తెలుసు. కట్టేవి చెదపురుగులు. లోపల ఎండాకాలంలోనూ చల్లగా, తేమగా ఉంటుంది. ఆడ నాగు ఏప్రిల్, జూలై నెలల మధ్య పుట్టలోనో ఎలుక కలుగులోనో పన్నెండు మొదలు ముప్పై దాకా గుడ్లు పెడుతుంది. కోడిగుడ్డు పెంకులా గట్టిగా ఉండవు, తోలులా మెత్తగా ఉంటాయి. చాలా పాములు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. నాగుపాము తల్లి గుడ్ల దగ్గరే ఉండి కాపలా కాస్తుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు మూతి మీది చిన్న కొనతో పెంకు చీల్చుకుని తల బయటపెడతాయి. జానెడు పైచిలుకు ఉంటాయి. ఇంకా సగం ఒళ్లు గుడ్డులోనే ఉండగా, మీరు చెయ్యి ఆడిస్తే ఆ బొటనవేలంత తల పైకి లేచి పడగ విప్పుతుంది. నేర్పే తల్లి అక్కర్లేదు, ఆ పని పుట్టుకతోనే వస్తుంది. కోరల్లో విషమూ అప్పటికే సిద్ధం. తొలకరి వానలకు పొలాలన్నీ కప్పపిల్లలతో నిండే వేళకు ఇవి బయటికొస్తాయి. వీటిలో పెద్దయ్యేవి కొన్నే. ముంగిసలు, నెమళ్లు, ఉడుములు, గద్దలు మిగతావాటిని ఏరుకుతింటాయి.

జెర్రిపోతు మగదనీ, నాగుపాము ఆడదనీ, రెండూ జత కడతాయనీ మన పల్లెల్లో గట్టి నమ్మకం. అవి వేరువేరు జాతులే కాదు, వేరువేరు కుటుంబాలవి. నాగుల్లో మగవీ ఆడవీ ఉన్నాయి, జెర్రిపోతుల్లోనూ అంతే. పొలంలో రెండు పాములు నిలువునా లేచి పెనవేసుకుని ఆడుతుంటే జనం వాటి మీద కొత్త గుడ్డ వేసి దండం పెట్టుకుంటారు. చాలాసార్లు అవి రెండూ మగ జెర్రిపోతులే. ఎవరిది పైచేయో తేల్చుకునే కుస్తీ అది. తల కింద పడినది తప్పుకుని పోతుంది, కాటేసుకోవడం ఉండదు.

నాగస్వరానికి పాము ఆడటం గురించీ చెప్పాలి. పాముకు బయటి చెవి లేదు, కర్ణభేరి లేదు. లోపలి చెవి మాత్రం ఉంది. నేలలోంచి వచ్చే అదురు దవడ ఎముక ద్వారా దానికి చేరుతుంది. గాలిలో వచ్చే తక్కువ పౌనఃపున్యపు ధ్వనులూ కొంత తెలుస్తాయి. కనుక పాముకు బొత్తిగా వినబడదనడం సరికాదు. అయితే బుట్ట మూత తీయగానే లేచి ఊగేది పాటకు కాదు, కళ్ల ముందు అటూ ఇటూ ఊగే నాగస్వరం బుర్రకు. శత్రువు ఎటు కదిలితే అటు తిరగడం దాని ఆత్మరక్షణ. వాద్యం ఆపి చేతి గుప్పిలి ఊపినా అలాగే ఊగుతుంది. ఆ పాముల్లో చాలావాటికి కోరలు పీకేసి ఉంటాయి, కొన్నిటికి మూతి కుట్టేసి ఉంటుంది. నాగుల చవితికి పాలు తాగినట్టు కనబడేవి రోజుల తరబడి నీళ్లు లేక దప్పికతో మాడినవి. పాము పాలు తాగే ప్రాణి కాదు, పాలు దాని ఒంటికి పడవు. కార్తీకంలోనో, తెలంగాణలో అయితే శ్రావణ పంచమికో పుట్ట దగ్గరికి వెళ్లే తల్లులకు నేను చెప్పేదొకటే: మీ భక్తి మీది, దాన్ని కాదనేవాణ్ని కాను. పాలు, పసుపు, కుంకుమ పుట్ట కన్నంలోకి మాత్రం పోయకండి. లోపలి జీవికి ఊపిరి ఆడాలి.

ఇక విషం. నాగుపాము కోరలు రక్తపింజరి కోరల్లా మడతపడవు. పొట్టిగా, పై దవడ ముందుభాగంలో స్థిరంగా ఉంటాయి. కంటి వెనక ఉన్న గ్రంథిలోంచి విషం ఆ కోరల్లోని సన్నని గొట్టంలోకి వస్తుంది. లేత పసుపు రంగు ద్రవం. అందులో ముఖ్యమైనవి అరవై, డెబ్బై అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్లు. మన నరం కండరాన్ని కదిలించాలంటే కొసన అసెటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదలాలి, అది అవతల కండరం మీదున్న గ్రాహకాన్ని అంటుకోవాలి. నాగు విషంలోని నాడీవిషం ముందే వెళ్లి ఆ గ్రాహకం మీద కూర్చుంటుంది. నరం ఎంత పిలిచినా కండరం పలకదు. ముందు కనురెప్పలు వాలిపోతాయి. చూపు రెండుగా చీలుతుంది, మాట ముద్దవుతుంది, గుటక పడదు, మెడ నిలవదు. చివరికి ఊపిరి తీయించే కండరాలు ఆగిపోతాయి. చాలామందిలో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, పక్కవాళ్ల మాటలు వినబడుతూనే ఉంటాయి. ఆ సమయంలో యంత్రంతో ఊపిరి పోయగలిగితే మనిషి బతుకుతాడు. నియోస్టిగ్మిన్ అనే మందు అసెటైల్‌కోలిన్ తొందరగా విరిగిపోకుండా ఆపుతుంది. దాని పరిమాణం పెరిగితే విషంతో పోటీపడి గ్రాహకాన్ని చేరగలుగుతుంది. అట్రోపిన్‌తో కలిపి దీన్ని ఇస్తే వాలిన రెప్పలు కళ్లముందే లేవడం వైద్యులు చూస్తుంటారు.

ముంగిసకు ఈ విషం అంతగా ఎక్కకపోవడానికి కారణం ఏ వేరో ఆకో తినడం కాదు. దాని కండరాల మీది గ్రాహకం ఆకృతి కొద్దిగా మారి ఉంటుంది. నాడీవిషం అక్కడ కుదురుకోలేదు. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు 1990ల మొదట్లోనే ఈ మార్పును చూపించారు.

నాగు విషంలో కణాల్ని చంపే ప్రోటీన్లు కూడా ఉన్నాయి. కాటు పడిన చోట వాపు, భరించలేని నొప్పి, తర్వాత చర్మం నల్లబడి కుళ్లడం వీటివల్లే. ప్రాణం దక్కినా వేలో కాలో పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఎలుకను చంపడానికి నాడీవిషం ఒక్కటి చాలు. మరి నొప్పి పుట్టించే ఈ భాగం దేనికి? నాగుల కుటుంబంలో పడగ, ఒంటి మీది హెచ్చరిక గుర్తులు, కణాల్ని చంపే విషం కలిసికట్టుగా పరిణమించాయని 2017లో విష పరిశోధకుడు బ్రయాన్ ఫ్రై బృందం ఒక వాదన ముందుకు తెచ్చింది. వెంటనే నొప్పి పుట్టిస్తేనే కదా శత్రువుకు బుద్ధొచ్చేది, పడగ చూసి మళ్లీ జడిసేది. ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ కొన్ని నాగులు ఇంకో అడుగు ముందుకేసి శత్రువు కళ్లలోకి విషం చిమ్మడం నేర్చాయి. ఆ విద్య మూడుసార్లు విడివిడిగా పుట్టిందని 2021లో తేలింది. మన నాగుకు ఆ అలవాటు లేదు.

మనదేశపు పాముల మీద తొలి శాస్త్రీయ గ్రంథాల్లో ఒకటి తెలుగు నేల మీద తయారైందని చాలామందికి తెలియదు. ప్యాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్ వైద్యుడు. విశాఖపట్నంలో ఉంటూ 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. కోరమాండల్ తీరంలో పాముల్ని సేకరించి బొమ్మలు గీయించి, కాటు ఫలితాల్ని కోళ్ల మీదా కుక్కల మీదా పరీక్షించి రాశాడు. ఆ పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. అందులో పాముల పేర్లు మనవాళ్లు పిలిచిన పేర్లే, ఇంగ్లీషు అక్షరాల్లో. కాటుకరేకుల పొడ అని అతను రాసుకున్న పామే తర్వాత అతని పేరుతో ప్రపంచానికి తెలిసింది. మనం రక్తపింజరి అంటున్నది దాన్నే. పడగ మీది గుర్తుల తేడాలనుబట్టి పాములవాళ్లు నాగుల్లో చెప్పే రకరకాల పేర్లను కూడా అతను వదల్లేదు. ఆ పేర్లు చెప్పిన పాములవాళ్ల పేర్లు కూడా రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

విరుగుడు మందు కోసం మరో వందేళ్లు పట్టింది. వియత్నాంలోని సైగాన్‌లో పనిచేసిన ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ కాల్మెట్ అక్కడి నాగు విషం మీద పరిశోధన మొదలుపెట్టి, 1894లో విరుగుడు సీరం సంగతి లోకానికి చెప్పాడు. ఇప్పటికీ పద్ధతి ముఖ్యంగా అదే. కొద్దికొద్దిగా విషాన్ని గుర్రానికి ఎక్కించి, దాని రక్తంలో పుట్టే ప్రతిరక్షకాల్ని తీసి శుద్ధిచేస్తారు. మనదేశంలో ఆ విషం ఎక్కువగా వచ్చేది తమిళనాడులో మహాబలిపురం దగ్గరి వడనెమ్మేలిలో ఉన్న, పాములు పట్టే గిరిజనులైన ఇరుళుల సహకార సంఘం నుంచి. 1970ల మధ్యలో పాము చర్మాల ఎగుమతిని నిషేధించాక బతుకు తెరువు పోయిన ఇరుళులతో కలిసి పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 1978లో దాన్ని మొదలుపెట్టించాడు. అక్కడ పాములు గుడ్డ కట్టిన మట్టికుండల్లో ఉంటాయి. పామును తల వెనక పట్టుకుని, పలుచటి పొర బిగించిన గాజుపాత్ర అంచును కరిపిస్తారు. పొర చీలి కోరలు దిగగానే పసుపు చుక్కలు గాజు వెంట జారతాయి. మూడు వారాల్లో నాలుగుసార్లు తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి, పామును తిరిగి పొలాల్లో వదిలేస్తారు. గుర్తు ఉన్న పామును మళ్లీ తొందరగా వాడరు. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడైయన్ అనే ఇద్దరు ఇరుళులకు పద్మశ్రీ వచ్చింది. తరాలుగా ఊరి బయట ఉంచిన జ్ఞానానికి దక్కిన గౌరవం అది, ఆలస్యంగానైనా.

ఇలా తయారయ్యే విరుగుడులో ఒక లోపం ఉంది. ఒకే జాతి నాగు అయినా ప్రాంతాన్నిబట్టి విషంలోని పాళ్లు మారతాయి. ఒక చోటి విషంతో చేసిన మందు ఇంకో చోటి కాటుకు అంతే బాగా పనిచేయకపోవచ్చని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కార్తీక్ సునగర్ బృందం చూపిస్తూ వస్తోంది. 2020లో నాగుపాము జన్యుపటం పూర్తిగా వెలువడింది. విషానికి సంబంధించిన 139 జన్యువులు, వాటిలో విషగ్రంథిలోనే పనిచేసేవి 19. వీటి ఆధారంగా గుర్రం అవసరం లేని విరుగుడును ప్రయోగశాలలోనే తయారుచేయాలన్న ప్రయత్నం సాగుతోంది. ఆ రోజు వచ్చేదాకా ఉన్న మందే దిక్కు. అది నిజంగానే ప్రాణాలు నిలుపుతోంది.

2000నుంచి 2019 దాకా మనదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా. ఏడాదికి సగటున 58,000. ఎక్కువ మరణాలు జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. వానకు కలుగుల్లో నీళ్లు నిండి ఎలుకా పామూ రెండూ మెరక మీదికి, అంటే మన గట్లకూ ఇళ్లకూ చేరే కాలం అది. నాట్లు, కలుపు తీతలు జరిగేదీ అప్పుడే. 2018 వానాకాలంలో కృష్ణాజిల్లా దివిసీమలో ఆసుపత్రులు పాముకాటు రోగులతో నిండిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ నిర్లక్ష్యం ఎవరి పట్లో చెప్పనక్కర్లేదు. చనిపోయేవాళ్లు రైతులు, కూలీలు, వాళ్ల పిల్లలు.

పడగ కనిపిస్తే ఆగండి. మెల్లగా వెనక్కి అడుగు వేయండి. దారి దొరికితే అదే పోతుంది. చీకట్లో గట్టు మీద నడిచేటప్పుడు టార్చి, కాళ్లకు బూట్లు, గడ్డి తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించడం, రాత్రి మంచం మీద దోమతెర కట్టుకుని పడుకోవడం, ఇంటి చుట్టూ ధాన్యం చిందకుండా చూడటం, ఇవి చాలావరకు కాపాడతాయి. కాటు పడితే గుడ్డ బిగించి కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి, పసరూ మంత్రమూ అంటూ ఆ గంట పోగొట్టుకోకండి. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పామును చంపి వెంట తీసుకెళ్లాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి, నాలుగింటికీ మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు ఒక్కటే.